అమ్మ డబ్బు కొత్త బ్యాంకులో ఇరుక్కుపోయింది, ఎవరిని అడిగినా తలో మాట

గోదారిగట్టు | మార్చి 4, 2025, రాత్రి 10:40

అందరికీ నమస్తే. పెద్ద పోస్టు, కాస్త ఓపిక పట్టండి.

మా అమ్మకు 71 ఏళ్లు. టీచరుగా రిటైరై రాజమండ్రిలో ఉంటోంది, నేను హైదరాబాద్‌లో. ఆవిడకి ముప్పై ఏళ్లుగా ఒక ప్రభుత్వ బ్యాంకులో ఖాతా ఉంది. జనవరిలో నేనే పూనుకుని ఒక కొత్త ప్రైవేటు బ్యాంకులో ఇంకో ఖాతా తెరిపించాను. పేరు రాయను, రాస్తే మోడరేటర్ గారు తీసేస్తారు. వడ్డీ కాస్త ఎక్కువ, పైగా మనిషే ఇంటికొస్తాడన్నారు. వచ్చాడు కూడా. మెడలో ట్యాగు, చేతిలో ట్యాబు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, "ఇకనుంచి మీరు బ్యాంకుకి రానే అక్కర్లేదు అమ్మగారూ" అని చెప్పి ఇరవై నిమిషాల్లో వెళ్లిపోయాడు.

ఫిబ్రవరిలో పాత బ్యాంకులో ఎఫ్‌డీ మెచ్యూర్ అయితే 3,40,000 కొత్త ఖాతాకు నెఫ్ట్ చేయించాను. చక్కగా జమైంది. 27న అమ్మ కంటి ఆపరేషన్‌కి 60 వేలు పంపుదామంటే పోదు. "ఈ ఖాతా నుంచి డెబిట్ అనుమతి లేదు" అని ఎర్ర అక్షరాల్లో వస్తోంది.

కస్టమర్ కేర్‌కి చేశాను. తెలుగు కోసం 4 నొక్కమంది. నొక్కితే అవతల అమ్మాయి హిందీలో మొదలెట్టింది. ఆవిడ సర్వర్ సమస్య అంది. మర్నాడు ఇంకొకాయన ఆధార్‌లో, పాన్‌లో పేరు కలవలేదన్నాడు. మూడోసారి కేవైసీ, అంటే ఖాతాదారు గుర్తింపు తనిఖీ, పెండింగ్ అన్నారు. రెండు నెలల క్రితం తెరిచిన ఖాతాకి కేవైసీ పెండింగ్ ఏమిటండీ?

నిన్న అమ్మే ఆటో ఎక్కి బ్రాంచికి వెళ్లింది. టోకెన్ 46. పదకొండింటి నుంచి ఒంటిగంటన్నర దాకా కూర్చోబెట్టి, చివరికి ఒక కుర్రాడు "యాప్‌లో చేసుకోవచ్చు కదా ఆంటీ" అన్నాడట. వేలిముద్ర యంత్రం తెచ్చి పది వేళ్లూ పెట్టించారు. ఒక్కటీ పడలేదు. ముప్పై అయిదేళ్లు చాక్‌పీసు పట్టిన చేయి, ఏం మిగుల్తుంది అందులో.

ఆస్పత్రి డబ్బు నేను కట్టేశాను, ఆపరేషన్ ఆగలేదు. కానీ అమ్మ ఒక్క మాటంది, "నా డబ్బుతో నేను చేయించుకుందామనుకున్నాన్రా" అని. అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఏం చేయాలో చెప్పండి.

కూకట్‌పల్లి కుర్రోడు | మార్చి 4, రాత్రి 11:05

బ్రో, ట్విట్టర్‌లో ఆ బ్యాంకుని ట్యాగ్ చేసి గట్టిగా ఒకటి వదలండి. అరగంటలో కాల్ వస్తుంది. ఫోన్లో ఏడిస్తే పట్టించుకోని వాళ్లు నలుగురిలో పరువు పోతుందంటే పరిగెత్తుకొస్తారు.

ఓరుగల్లు పిల్ల | మార్చి 5, ఉదయం 7:20

అన్నా, ట్విట్టర్ సంగతి జాగ్రత్త. పోయినేడు నేను గట్లనే పెట్టిన. పది నిమిషాలల్ల బ్యాంకు లోగోతోని ఒకాయన మెసేజ్ చేసి "మీ ఫోన్ నంబర్ పంపండి, ఈ యాప్ వేసుకోండి" అన్నడు. అది దొంగ ఖాతా. మా తమ్ముడు పక్కనుండి ఫోన్ గుంజుకున్నడు కాబట్టి బతికిన. ఎవరన్నా పైసలు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల నంబర్ 1930కి చేయాలె.

నా లొల్లి వేరే. హన్మకొండల ఏటీఎంల 10 వేలు కట్ అయినయి, పైసలు రాలే. బ్రాంచికి పోతే "వేరే బ్యాంకు మిషన్, మాకు సంబంధం లేదు" అన్నరు. సంబంధం వాళ్లదే! మన ఖాతా ఎక్కడుంటే ఆ బ్యాంకే చూడాలె. 16వ రోజు పైసలు వాపస్ వచ్చినయి, దాంతోపాటు ఇంకో 1,100 పడ్డది. ఎందుకో అప్పుడు నాకు సమజ్ కాలే.

పాత గుమాస్తా | మార్చి 5, ఉదయం 8:15

ఓరుగల్లు అమ్మా, ఆ 1,100 నీ హక్కు. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో కోత పడితే, లావాదేవీ జరిగిన రోజు కాక 5 రోజుల్లో తిరిగి వేయాలి. దాటితే రోజుకు 100 చొప్పున, మనం అడక్కపోయినా ఇవ్వాలి. 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ అది. 16లోంచి 5 తీసేయ్, 11 రోజులు. లెక్క సరిపోయింది. ఇచ్చారంటే ఆ బ్యాంకు కాస్త నయమే. చాలామంది అడిగేదాకా ఇవ్వరు.

గోదారిగట్టు గారూ, నేను 34 ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మీకు మూడు ప్రశ్నలు. ఖాతా తెరిచిన రోజు ఆ కుర్రాడు వేలిముద్ర తీసుకున్నాడా, ఓటీపీ మాత్రమే అడిగాడా? ఆధార్, పాన్ ఒరిజినల్స్ చూసి, జిరాక్సు మీద అమ్మగారి సంతకం పెట్టించాడా? ఆ తర్వాత వీడియో కాల్ ఏమైనా జరిగిందా?

గోదారిగట్టు | మార్చి 5, ఉదయం 9:02

ఓటీపీ ఒక్కటే మాస్టారూ. అమ్మ ఆధార్‌కి నా నంబరే లింకై ఉంది కాబట్టి ఓటీపీ నాకొచ్చింది, ఫోన్లో చదివి చెప్పాను. జిరాక్సులు తీసుకోలేదు. వీడియో కాల్ లేదు. ఇప్పుడు యాప్‌లో వీడియో కేవైసీ అని చూపిస్తోంది గానీ, యాప్ నా ఫోన్లోనే తెరుచుకుంటుంది. సిమ్ నా దగ్గర, మొహం అమ్మ దగ్గర. మూడుసార్లు ప్రయత్నించి వదిలేశాను.

పాత గుమాస్తా | మార్చి 5, మధ్యాహ్నం 12:30

అనుకున్నాను. సర్వరూ కాదు, పేరూ కాదు. వినండి.

మీ ఇంటికి మనిషి వచ్చాడు, కాఫీ తాగాడు. అయినా కాగితం మీద అది మనిషి ఎదురుపడకుండా తెరిచిన ఖాతాయే. ఒరిజినల్స్ చూసి సంతకం పెట్టడం, వేలిముద్ర తీయడం అంటే పని. వాడు ట్యాబులో సులువు దారి ఎంచుకున్నాడు, ఆధార్ ఓటీపీ. రిజర్వ్ బ్యాంకు కేవైసీ ఆదేశాల ప్రకారం అలా తెరిచిన ఖాతాకి కళ్లెం ఉంటుంది. నిల్వ లక్ష దాటకూడదు. ఒక ఆర్థిక సంవత్సరంలో జమలన్నీ కలిపి 2 లక్షలు మించకూడదు. ఏడాది లోపల పూర్తి కేవైసీ అయిపోవాలి. మీరు ఒక్కసారే 3 లక్షల 40 వేలు వేశారు. సిస్టమ్ తలుపేసేసింది. అసలు ఈ పరిమితుల సంగతి ఖాతా తెరిచిన రోజే చెప్పాల్సింది. లోపలికి రానిచ్చి బయటికి పోనివ్వకపోవడం మాత్రం ఆ బ్యాంకు గొప్పతనమే.

మీ తప్పూ ఉంది, ఏమీ అనుకోకండి. అమ్మగారి ఆధార్‌కి మీ నంబరెందుకు? ఆవిడ డబ్బుకి తాళంచెవి మీ జేబులో ఉన్నట్టే కదా. ముందు అది మార్పించండి.

వేలిముద్ర పడకపోతే కొంపేం మునగదు. ఆధార్ ఒరిజినల్, జిరాక్సు, పాన్, ఒక ఫోటో తీసుకుని బ్రాంచికి వెళ్లాలి. అధికారి ఒరిజినల్ చూసి, జిరాక్సు మీద "ఒరిజినల్‌తో సరిచూశాను" అని ముద్రేసి సంతకం పెడితే పూర్తి కేవైసీ అయినట్టే. మా రోజుల్లో అన్నీ అలాగే చేశాం. నోటితో అడక్కండి, కాగితం ఇవ్వండి. రెండు కాపీలు, ఒకదాని మీద రిసీవ్డ్ ముద్ర, తేదీ.

టార్గెట్ బాధితుడు | మార్చి 5, రాత్రి 9:50

ఇన్నాళ్లూ చదవడమే, ఇవాళ రాస్తున్నాను. నేను ఒక ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తున్నాను (మీ బ్యాంకేనేమో తెలీదు). గుమాస్తా గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో వైపు కూడా చెప్తాను.

ఇంటికొచ్చే కుర్రాళ్లలో చాలామంది బ్యాంకు ఉద్యోగులు కాదు, ఏజెన్సీ వాళ్లు. నెలాఖరుకి ఇన్ని ఖాతాలు అని అంకె. వేలిముద్ర పడక అరగంట పోతే ఆ రోజు ఇంకో ఖాతా పోయినట్టే. అందుకే ఓటీపీ. వచ్చే నెలకి వాడు ఆ ఏజెన్సీలోనే ఉండడు. బ్రాంచిలో "యాప్‌లో చేసుకోండి" అన్న కుర్రాడికి ఆ ఫ్రీజు, అంటే డబ్బు బయటికి పోకుండా ఖాతాకి వేసిన తాళం, తీసే అధికారం లేదు. అది ఎక్కడో ముంబైలోనో చెన్నైలోనో ఉన్న ఆపరేషన్స్ టీమ్ చేతిలో ఉంటుంది. మేం "రిక్వెస్ట్ రైజ్" చేస్తాం, వాళ్లు "డాక్యుమెంట్ క్లియర్‌గా లేదు" అని వెనక్కి కొడతారు. మధ్యలో తిట్లు మాకు.

ఉదయం తొమ్మిదిన్నరకి మా మీటింగులో నిన్న ఎన్ని ఇన్సూరెన్సులు అమ్మావని అడుగుతారు. ఎన్ని ఫిర్యాదులు తీర్చావని నా ఆరేళ్లలో ఒక్కరూ అడగలేదు.

కూకట్‌పల్లి కుర్రోడు | మార్చి 5, రాత్రి 10:15

సానుభూతి ఉంది బ్రో, కానీ 71 ఏళ్ల ఆవిణ్ణి రెండున్నర గంటలు కూర్చోబెట్టి "యాప్" అనడానికి టార్గెట్‌తో పనేముంది? అధికారం లేకపోతే లేదని చెప్పొచ్చుగా. అదే పదకొండింటికే చెప్తే ఆవిడ ఇంటికెళ్లి అన్నం తినేది.

టార్గెట్ బాధితుడు | మార్చి 5, రాత్రి 10:31

దానికి నా దగ్గర జవాబు లేదు.

డల్లాస్ బాబాయి | మార్చి 6, ఉదయం 6:10

అబ్బాయిలూ, నా ఎన్నారో ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లకి ఇక్కడి బ్యాంకు ఇచ్చే ఖాతా) కథ రాస్తే ఈ థ్రెడ్ సరిపోదు. ఇక్కడ రాత్రి పదకొండింటికి కూర్చుంటే మీకు ఉదయం పదిన్నర, బ్రాంచి అప్పుడే తెరుస్తారు. మేనేజర్ ఫోను ఎత్తడు. ఎత్తేసరికి ఆయన బదిలీ. అడ్రసు మార్చడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. "ఒకసారి బ్రాంచికి వచ్చి వెళ్లండి సార్" అంటాడు, పక్క వీధిలో ఉన్నట్టు.

ఇక్కడేదో స్వర్గం అనుకోకండి. అమెరికాలోనూ నలభై నిమిషాలు హోల్డ్‌లో పాటలు వినిపిస్తారు. కాకపోతే ఆఖర్లో దొరికే మనిషి పని చేస్తాడు.

మోడరేటర్ | మార్చి 6, ఉదయం 9:00

ఇద్దరు సభ్యులు ఊహించి బ్యాంకుల పేర్లు రాశారు. తీసేశాను. ఖాతా నంబర్లు, ఫిర్యాదు నంబర్లు కూడా ఇక్కడ పెట్టొద్దు. చర్చ కొనసాగించండి.

గోదారిగట్టు | మార్చి 12, రాత్రి 8:45

అప్‌డేట్. శనివారం వెళ్దామనుకున్నాను, రెండో శనివారమని బస్సు టికెట్ కొన్నాక గుర్తొచ్చింది. సోమవారం సెలవు పెట్టి రాజమండ్రి వెళ్లి, అమ్మతో కలిసి బ్రాంచికి వెళ్లాను. గుమాస్తా గారు చెప్పినట్టే అన్నీ తీసుకెళ్లాం. లెటరు అమ్మే తెలుగులో రాసింది, గుండ్రటి అక్షరాలు, మార్జిన్ కొట్టి మరీ. డిప్యూటీ మేనేజర్ చదివి "బాగా రాశారండీ" అన్నాడు. ముద్ర మాత్రం వేయనన్నాడు. "మాది పేపర్‌లెస్ బ్రాంచి" అట. జిరాక్సులు తీసుకున్నాడు, రెండు రోజుల్లో అయిపోతుందన్నాడు. ఇవాళ్టికి రెండు రోజులైంది. యాప్‌లో అదే ఎర్ర అక్షరం.

కేర్‌కి చేస్తే కొత్త మాట: "మార్చి కదా సార్, ఇయర్ ఎండింగ్ బిజీ."

ఇంకోటి. స్టేట్‌మెంట్ పీడీఎఫ్ పంపారు. పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన తేదీ. ఏ పేరు? ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంది, పాన్‌లో పొడి అక్షరం చివరుంది. నాలుగు రకాలుగా కొట్టాక తెరుచుకుంది. వాళ్ల సిస్టమ్‌లో అమ్మ మొదటి పేరు మా ఇంటిపేరు! పాస్‌బుక్కు ఉంటే ఈ బాధ ఉండేది కాదంటుంది అమ్మ. పాత బ్యాంకు పాస్‌బుక్కులు అయిదు రబ్బర్ బ్యాండు వేసి బీరువాలో దాచింది.

పాత గుమాస్తా | మార్చి 12, రాత్రి 9:30

పేపర్‌లెస్ అంటే జవాబుదారీ లేకపోవడం కాదు. ముద్ర వేయకపోతే అదే లెటరు స్కాన్ చేసి బ్రాంచి మెయిల్‌కి, బ్యాంకు వెబ్‌సైటులో ఉండే నోడల్ అధికారి (ఫిర్యాదులు చూసే పెద్ద అధికారి) మెయిల్‌కి పంపండి. పక్కనే అసలు కాగితం రిజిస్టర్డ్ పోస్టులో. పోస్టాఫీసు రశీదు మీద తేదీ ఉంటుంది, దాన్ని ఎవడూ కాదనలేడు. యాప్‌లో కూడా ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. అసలు ఉపయోగం ఆ నంబరుతోనే.

ఆ తేదీ నుంచి 30 రోజులు లెక్కపెట్టండి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలి, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చేది ఆయనే. 2021 నవంబరులో విడివిడిగా ఉన్న అంబుడ్స్‌మన్ పథకాలన్నిటినీ కలిపి ఒకే పథకం చేశారు. సీఎంఎస్ అనే రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. సందేహాలకు 14448.

లెటర్లో ఒక వాక్యం కలపండి: "ఓటీపీ పద్ధతిలో తెరిచిన ఖాతా పరిమితుల గురించి నాకు తెలియజేసినట్టు ఆధారం చూపండి." చూపలేరు.

చీరాల బట్టలకొట్టు | మార్చి 13, ఉదయం 7:50

గుమాస్తా గారు చెప్పిన 30 రోజులు ఆషామాషీ కాదండోయ్. నేను కోపంలో బ్యాంకుకి రాయకుండానే నేరుగా అంబుడ్స్‌మన్‌కి పెట్టాను. కొట్టులో సౌండ్ బాక్సు నెల అద్దె, వాపసు ఇచ్చేసినా పది నెలలు కోశారు. ముందు బ్యాంకుకి ఫిర్యాదు చేయలేదని నాది మూసేశారు. మళ్లీ మొదట్నుంచి చేస్తే వచ్చాయి. ఆవేశం వల్ల నాకు రెండు నెలలు అదనం.

ఓరుగల్లు పిల్ల | మార్చి 13, ఉదయం 8:40

అన్నా, అమ్మ రాసిన లెటర్ ఫోటో పెట్టరాదు, పేర్లు దాచి. అందరికీ నమూనా లెక్క పనికొస్తది.

గోదారిగట్టు | మార్చి 13, రాత్రి 9:15

అడిగాను. "నేనేమన్నా కవిత్వం రాశానా" అంది. పెట్టొద్దంది. నాలుగే పేరాలు: ఎప్పుడు ఎవరు వచ్చి ఖాతా తెరిచారు, ఎప్పుడు ఎంత వేశాం, ఏ రోజు ఎవరు ఏమన్నారు, ఇప్పుడు ఏం కావాలి. తిట్టు ఒక్కటీ లేదు. నేను రాసుంటే రెండు పేజీల తిట్లు ఉండేవి.

మెయిలు, రిజిస్టర్డ్ పోస్టు, యాప్ ఫిర్యాదు మూడూ ఇవాళే చేశాను. ముప్పై రోజులంటే ఏప్రిల్ 12.

టార్గెట్ బాధితుడు | మార్చి 14, రాత్రి 10:20

నోడల్ అధికారికి వెళ్లింది కాబట్టి ఇప్పుడు కదులుతుంది. మా దగ్గర కేర్‌కి వచ్చే కాల్ ఎవరికీ పట్టదు. నోడల్ మెయిల్ వస్తే మాత్రం దాని మీద గడువు గడియారం తిరుగుతుంది, బ్రాంచి హెడ్‌కి రోజూ రిమైండర్ వెళ్తుంది. అమ్మగారికి ఫోన్ వస్తే చెప్పండి, "సమస్య తీరింది, ఫిర్యాదు క్లోజ్ చేయమంటారా" అని అడుగుతారు. డబ్బు చేతికి వచ్చేదాకా అవుననొద్దు.

గోదారిగట్టు | మార్చి 27, సాయంత్రం 6:30

తీరింది!

బాధితుడు గారు చెప్పినట్టే 19న ఫోన్, "క్లోజ్ చేయమంటారా?" అమ్మ "డబ్బు వచ్చాక చేద్దాం నాన్నా" అందట. 24న బ్రాంచి నుంచి ఒక అధికారే ఇంటికొచ్చాడు, డెబ్బై దాటిన వాళ్లకి ఇంటి దగ్గరే సేవ ఉందని అప్పుడు గుర్తొచ్చింది వాళ్లకి. ఒరిజినల్ చూశాడు, జిరాక్సు మీద ముద్ర వేశాడు, అమ్మ సంతకం తీసుకున్నాడు. పావుగంట. ఇరవై అయిదు రోజుల గొడవ ఆ పావుగంట పని కోసం! ఇవాళ ఫ్రీజు తీశారు. ఆధార్‌కి కూడా అమ్మ నంబరే పెట్టించాం.

ఈసారి వచ్చినాయనకి అమ్మ కాఫీ ఇవ్వలేదు. మంచినీళ్లు ఇచ్చింది.

కూకట్‌పల్లి కుర్రోడు | మార్చి 27, సాయంత్రం 6:41

మంచినీళ్లు! పాపం అతనేం చేశాడు బ్రో, అతనే కదా పని చేసింది 😂

డల్లాస్ బాబాయి | మార్చి 28, ఉదయం 7:00

శుభం. ఆదివారం ఉగాది, ముందే శుభాకాంక్షలు. నా అడ్రసు ఇంకా పాతదే చూపిస్తోంది.

గోదారిగట్టు | ఏప్రిల్ 9, రాత్రి 9:55

ఆఖరి అప్‌డేట్ అనుకున్నాను, కాదు. ఉగాది వెళ్లాక అమ్మ మొత్తం డబ్బు పాత బ్యాంకుకి పంపేసి ఖాతా మూసేయమంది. మూసేశారు. ఏడాదిలోపు మూసినందుకు 500, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 590 కోసుకున్నారు. నేను "పోనీలే అమ్మా" అన్నాను. ఆవిడ ఊరుకోలేదు. తప్పు వాళ్లదైతే జరిమానా నాకెందుకని మళ్లీ లెటరు రాసింది.

ఇవాళ జవాబు వచ్చింది, ఈసారి తెలుగులో. కంప్యూటరు చేత రాయించినట్టుంది. "మీ యొక్క మూసివేత ఛార్జ్ పట్ల మేము విచారం అయినాము" అని ఉంది. అమ్మ ఎర్ర పెన్ను తీసి తప్పులకి సున్నాలు చుట్టింది. పదకొండు. పైన మూలకి పదికి రెండు వేసి, సంతకం పెట్టి, జిరాక్సు తీయించి, ఆ కాగితమే వెనక్కి రిజిస్టర్డ్ పోస్టు చేయించింది.

590 ఇంకా రాలేదు. ఇవాళ్టి నుంచి మళ్లీ ముప్పై రోజుల లెక్క.

పాత గుమాస్తా | ఏప్రిల్ 9, రాత్రి 10:12

రశీదు జాగ్రత్త పెట్టమనండి.